పసుపు వైరు

ఆ ఏడు వానలు మొదలైన వారానికి మా ఆయన లారీకి స్టీరియో కొనుక్కొచ్చాడు. ఇరవై ఆరేళ్ళు ఆ లారీ తోలినన్నాళ్ళూ ఇంజను చప్పుడే చాలన్న మనిషి, బండి పెరట్లో ఆగిపోయాక పాటలు కావాలన్నాడు. చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చి, గేటు గడియ కోసం రెండుసార్లు గాలిలో తడిమాడు. నేను కిటికీలోంచి చూశాను. చూసి, చూడనట్టే మిషను తొక్కుకుంటూ కూర్చున్నాను.

చూడనట్టు ఉండటం నాకు అప్పటికే బాగా వంటబట్టింది. ఎండాకాలం చివర్లో కంటి డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చి, "ఏం లేదు, కాస్త నలత. చుక్కలు వేసుకుంటే సరిపోతుందంట" అన్నాడు. లైసెన్సు గడువు అయిపోయినా మళ్ళీ తీసుకోలేదు. అడిగితే, "వానల్లో బట్టీలు నడవవుగా, తొందరేముంది" అన్నాడు. మాది ఇటుకలు తోలే లారీ. వానలు పడినన్నాళ్ళూ ఇటుక బట్టీలు మూత, మాకు సెలవు. వానలు తగ్గగానే బట్టీ యజమాని ఫోను చేస్తాడు, లారీ కదులుతుంది. అంటే నాకున్న గడువు ఆ వానలే. అవి ఆగేలోగా తనకి చూపు ఆనడం లేదని ఆయన తన నోటితో ఒప్పుకోవాలి. లేకపోతే నాలుగు టన్నుల ఇటుకలు వెనకేసుకుని, ముందేముందో తెలియకుండా రోడ్డెక్కుతాడు.

నువ్వే చెప్పకపోయావా అని మీరనవచ్చు. చెప్పి చూశాను, ఒక్కసారి. ఉప్పుగిన్నె అందుకోబోయి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు దొర్లించినప్పుడు, "ఇంకోసారి డాక్టరుకి చూపించుకుందామా" అన్నాను. అంతే, పదకొండు రోజులు మాట్లాడలేదు. కోపమొస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్ళని చూశాను, వాళ్ళతో ఎలాగో వేగవచ్చు. మా ఆయన నోటికి తాళం వేసుకుంటాడు. రెండు గదుల ఇల్లు, పిల్లలు లేరు. ఆ పదకొండు రోజులూ నా కుట్టుమిషను తప్ప ఇంకో చప్పుడు లేదు. పన్నెండో రోజు పొద్దున "టీ పెట్టావా" అన్నప్పుడు వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇంక ఆ ఊసెత్తితే ఒట్టు అనుకున్నాను.

ఆయన రోడ్ల మీద తిరిగినన్నేళ్ళూ నేను ఒంటిదాన్నే. కానీ అప్పుడు ఎదురుచూడటానికి ఒక మనిషి ఉండేవాడు, గేటు చప్పుడైతే లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు ఆ మనిషి గేటు లోపలే ఉన్నాడు. పొద్దున్నే టీ తాగి లారీ ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంటాడు. మధ్యాహ్నం భోజనానికి దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. నేను స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తే, తడిసిన అద్దం వెనక ఆయన భుజాలు కనబడేవి. మనిషి దగ్గరుండగా వచ్చే ఒంటరితనం ఇంకా పాపిష్టిది, ఎవరితోనైనా చెప్పుకుందామన్నా నోరు రాదు.

స్టీరియో తెచ్చిన మూడో రోజు వాన తెరిపిచ్చింది. లారీలోంచి కేక వినబడింది.

"ఇదిగో, ఓసారి రా. చెయ్యి సాయం కావాలి."

నేను గబుక్కున లేచేసరికి ఒళ్ళోని యూనిఫారం కిందపడింది. ఆ లారీ మీద ఇంకొకరి చెయ్యి పడితే ఊరుకునేవాడు కాదు. వైర్లన్నీ ఆయన లాగినవే, ఏ స్క్రూ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండో పక్కనుంచి ఎక్కాను. ఆ సీటుకి కవరు కుట్టిందాన్ని నేనే, దాని మీద కూర్చోవడం మాత్రం అదే మొదలు.

ముందు బల్లకున్న రేకు అప్పటికే ఊడదీసి ఉంది. ఆ కంతలోంచి రెండు వైర్లు బయటికి వేలాడుతున్నాయి. ఒకటి బ్యాటరీ దగ్గర్నుంచి తిన్నగా లాక్కొచ్చాడు, దాని కొసన చిన్న ముడి వేసి ఉంది. రెండోది ఫ్యూజు పెట్టె నుంచి తెచ్చినది.

"ముడి ఎందుకు?" అన్నాను.

"గుర్తుకి."

రెండు వైర్లూ వేరువేరు రంగులే. గుర్తు కావాల్సిన పని లేదు. 

ముందు బల్ల కిందికి ఒరిగి, చిన్న బల్బున్న టెస్టరు ఆ రెండో వైరుకి ఆనించాడు. "తాళం తిప్పు. వెలిగిందా?"

"వెలిగింది."

"తీసెయ్యి. ఆరిందా?"

"ఆరింది."

"నా తల కింద ఉందిగా, ఇక్కణ్ణుంచి తెలీదు" అన్నాడు. బల్బు ఆయన ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

ఆయన మాట్లాడుతున్నాడు కదా, ఆ మాట ఆగకూడదని నాకు ఆశ. "ఇన్ని వైర్లెందుకండీ దీనికి? మా మిషను మోటారుకి ఒకటే ఉంటుంది" అన్నాను.

నవ్వాడు. ఎన్నాళ్ళకో. "మీ మిషనుకి జ్ఞాపకం అక్కర్లేదు కదా. ఇదిగో, సెట్టు వెనకాల పసుపు వైరుంటుంది చూడు, అది జ్ఞాపకానికి. బ్యాటరీ నుంచి తిన్నగా రావాలి, బండి ఆపినా దానికి కరెంటు ఆగకూడదు. గడియారం, మనం పెట్టుకున్న స్టేషన్లు, అన్నీ దాని చలవే. ఎర్రది మేలుకొలుపు. తాళం తిప్పితే లేస్తుంది, తీస్తే పడుకుంటుంది. నల్లది బండి బాడీకి బిగిస్తే సరి."

"అటుదిటు పడితే తగలబడిపోతుందా?"

"తగలబడదు. శుభ్రంగా పాడుతుంది. కాకపోతే తాళం తీసినప్పుడల్లా అంతా మర్చిపోతుంది. రోజూ కొత్త కాపురమే."

ఒక్కపెట్టున అన్ని మాటలు ఆయన నోటివెంట విని నెలలైంది. మనసు తేలికపడింది. బహుశా ఆ తేలికలోనే నాకు ఆ పాడు బుద్ధి పుట్టింది.

నల్ల వైరు తనే బిగించాడు, అది రింగున్న వైరు, చేతికే తెలిసిపోతుంది. తర్వాత ముడి ఉన్న వైరు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి నావైపు చాచాడు. "సెట్టుది పసుపు వైరు ఇటివ్వు."

నేను ఎర్రది ఇచ్చాను.

ఆటపట్టించడానికి కాదు. ఎంతవరకు కనబడుతోందో తెలుసుకుందామని. "ఏమే, ఇది ఎర్రది కాదూ" అంటాడని, నాలుక్కరుచుకుని నవ్వేద్దామని. ఆయన ఆ వైరుని అద్దంవైపు ఎత్తి, కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎడమకంటికి పెట్టుకుని చూశాడు. మామూలుగా చూసే మనిషి అంతసేపు చూడడు.

"ఆ, ఇదే" అన్నాడు. ముడి ఉన్న వైరుతో కలిపి మెలిపెట్టి, టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

అది ఎర్రదండీ. ఈ రెండు ముక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. రంగు తెలియలేదని నేను ఆయన మొహం మీద చెప్పినట్టు. ఆ తర్వాత పదకొండు రోజులో, ఇరవై రోజులో. ఆయన వేళ్ళు టేపుని ఎంత నేర్పుగా చుడుతున్నాయంటే, చూస్తూ ఉండిపోయాను. రెండోసారి చెయ్యి చాచినప్పుడు పసుపుది తీసి ఇచ్చాను.

తాళం తిప్పగానే సెట్టు పాడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ కేక. "ఇదిగో, ఓసారి రా. ఇదేదో బుర్ర తిరిగినట్టుంది."

వెళ్ళి చూస్తే గడియారంలో సున్నాలు ఆరిపోతూ వెలుగుతూ ఉన్నాయి. నిన్న పెట్టిన స్టేషన్ ఒక్కటీ లేదు. "అద్దం మీద నీళ్ళ వెలుగు పడి అంకెలు తెలీట్లేదు, నువ్వు చూసి పెట్టు" అన్నాడు. నేను మీట తిప్పుతూ అంకెలు చదివాను. గరగరలోంచి గొంతులు వచ్చి పోతున్నాయి. వాతావరణం చెప్పే ఆవిడ దగ్గర "ఉంచు" అన్నాడు. వానలు ఇంకో వారం తప్పవంది. నాకు సంతోషమేసింది.

అలా మొదలైంది. పొద్దున్నే ఆయన టీ తాగి లారీ ఎక్కేవాడు. రెండు నిమిషాలకి కేక వచ్చేది. నేను నా టీ గ్లాసు పట్టుకుని రెండోపక్క ఎక్కేదాన్ని. స్టేషను దొరకడానికి ఐదు నిమిషాలు చాలు. నేను నెమ్మదిగా తిప్పేదాన్ని, కావాలని దాటిపోయి వెనక్కి వచ్చేదాన్ని. వాతావరణం అయ్యాక పాటలు వచ్చేవి, పాటల మధ్య ఆయన మాట్లాడేవాడు. ఏ ఊరి వంతెన దగ్గర టైరు పేలితే రెండు పగళ్ళు ఎండలో కూర్చున్నాడో, ఏ ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పట్టక గుండె నోట్లోకొచ్చిందో. ఇరవై ఆరేళ్ళూ ఇంటికొచ్చి తిని పడుకున్న మనిషి కడుపులో ఇన్ని సంగతులున్నాయని నాకేం తెలుసు. నేను కూడా చెప్పేదాన్ని. ఎదురింటి టీచరమ్మ యూనిఫారం కొలతలు ప్రతి ఏడూ ఒక అంగుళం తక్కువ చెప్పి బిగుతైందని పోట్లాటకొచ్చే వైనం చెబితే, స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. ఒక అరగంట. ఆ తర్వాత "సరే, నీ పని చూసుకో" అనేవాడు. నేను దిగిపోయి మర్నాటి కేక కోసం చూసేదాన్ని.

"దరిద్రపు సెట్టు" అని తిట్టుకునేవాడు అప్పుడప్పుడు. "నిన్న పెట్టింది ఇవాళ ఉండదు. తీసుకెళ్ళి ఆ కొట్టువాడి మొహాన కొడతాను."

"ఈ వానలో ఎక్కడికి మోసుకుపోతారు. పెట్టడానికి నేనున్నానుగా" అనేదాన్ని.

ఇలా ఉంటే ఒక రోజు ఆయనే బయటపడతాడని, అందుకే ఓపిక పడుతున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మొదటి రెండు వారాలూ అది నిజమే. ఒకరోజు గుడ్డముక్క కోసం లారీలో ముందు అర తెరిస్తే కంటిచుక్కల సీసా కనబడింది, మూత సీలు కూడా తెగలేదు. చూసి అర మూసేశాను. ఆ పాటికి నాకు ఆయన ఒప్పుకోవడం కంటే ఆ అరగంట ముఖ్యమైపోయింది. ఇప్పుడంటే చెబుతున్నాను గానీ, అప్పుడు ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు.

వానలు రెండు నెలలు దంచి, పలచబడ్డాయి. ఒక మధ్యాహ్నం బట్టీ యజమాని ఫోను చేశాడు. "సోమవారం నుంచి లోడు సిద్ధం చెయ్యండి, బండి నేనే తోలుకొస్తా" అని మా ఆయన గట్టిగా చెప్పడం వంటింట్లోకి వినబడింది. నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఫోను పెట్టేసి వెంటనే, ఒక్క మీట నొక్కితే కలిసే మా తమ్ముడి నంబరుకి చేశాడు. వాడు బండ్ల కరెంటు పని చేస్తాడు, రెండు వీధుల అవతల వాడి కొట్టు. "ఓసారి వచ్చి బ్యాటరీ, లైట్లు చూడరా, సోమవారం బండి తియ్యాలి" అన్నాడు.

తమ్ముడు శనివారం వచ్చాడు. బ్యాటరీ చూశాడు, లైట్లు చూశాడు, లోపల కూర్చుని తాళం తిప్పాడు. సున్నాలు ఆరి వెలిగాయి.

"ఇదేంటి బావా, గడియారం పెట్టుకోలేదా?"

"పెడితే ఉండి చస్తేగా. రోజూ మర్చిపోతుంది. నాసిరకం సరుకు."

తమ్ముడు సెట్టుని బయటికి లాగి వెనక్కి తిప్పాడు. నేను కింద నిలబడి ఉన్నాను. వాడు పగలబడి నవ్వాడు.

"సరుకు బంగారంలా ఉంది. ఎర్రదీ పసుపుదీ తారుమారు చేశావు బావా. ఇంత అనుభవముండి ఇదేం పని?"

 బానెట్టు తుడుస్తున్న మా ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేనే తప్పు ఇచ్చాన్రా. ఆయన సరిగ్గానే అడిగారు" అన్నాను.

"నువ్వా? పొద్దస్తమానం దారాలతో ఉండేదానివి, నీకు ఎరుపూ పసుపూ తెలీదా అక్కా?" అన్నాడు తమ్ముడు, నవ్వుతూనే. వాడికేం తెలుసు పాపం. రెండు టేపులూ ఊడదీసి వైర్లు మార్చి చుట్టాడు, ఐదు నిమిషాల పని. గడియారం, మేం రోజూ వినే స్టేషను పెట్టి, తాళం తీసి మళ్ళీ తిప్పి చూపించాడు, సెట్టు ఏదీ మర్చిపోలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా మా ఆయన మాట్లాడలేదు. కంచం ముందు పెడితే తిన్నాడు. నేను రోజులు లెక్కపెట్టడానికి సిద్ధపడ్డాను.

ఆదివారం పొద్దున టీ తాగి లారీ ఎక్కాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి చెవులు రిక్కించాను. కేక రాలేదు. తాళం తిరిగిన చప్పుడు, ఆ వెంటనే వాతావరణం చెప్పే ఆవిడ గొంతు. వానలు వెనక్కి మళ్ళాయట, వారమంతా ఎండ. నేను లేకుండానే అన్నీ సరిగ్గా జరిగిపోతున్నాయి. ఆ గొంతు వింటూ ఆ వంటింట్లో నిలబడ్డ ఐదు నిమిషాలంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను, ఆ పదకొండు రోజుల్లో కూడా.

సోమవారం ఇంకొక్క రోజు. మాట్లాడకపోతే పోనీ, ఏడాది మాట్లాడకపోతే పోనీ అనుకుని, పిలవకుండానే వెళ్ళి రెండోపక్క ఎక్కాను. ఆయన తల తిప్పలేదు. రేడియో ఆపేశాడు.

"దారాల కొట్లో పద్నాలుగు ఎరుపులు వేరు చేస్తావు నువ్వు" అన్నాడు.

"ఊ."

"తెలిసే ఇచ్చావా?"

"కనబడుతుందో లేదో చూద్దామని ఇచ్చాను."

"చూశావుగా. మరి చెప్పలేదేం?"

"చెబితే మాట్లాడరుగా."

 పెరట్లో ఎండ కాస్తోంది, లారీ బానెట్టు మీంచి ఆవిరి లేస్తోంది. నేను దిగిపోదామా అనుకుంటుండగా గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పక్కన కూర్చున్నావని తెలుస్తోంది. మొహం తెలీట్లేదు."

 "ఎప్పట్నుంచి?"

"సెట్టు కొన్నప్పుడు ఎడమపక్కనుంచి చూస్తే తెలిసేది. రంగులు తేలేవి కాదు గానీ, నువ్వు నవ్వితే తెలిసేది. ఈ నెలలోనే పోయింది."

అంటే ఎదురింటి టీచరమ్మ సంగతి చెప్పినప్పుడు నా నవ్వు చూశాడు. ఆ తర్వాత ఏ రోజునో చూడటం ఆగిపోయింది. నేను ఆ పక్కనే కూర్చుని మీట తిప్పుతూ ఉన్నాను.

జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "బట్టీ ఆయనకి కలుపు." కలిపి ఇచ్చాను. "రేపు రాలేనండీ" అన్నాడు. అవతలివాడు ఏదో అన్నాడు. "బండి బాగానే ఉందండీ. నాకు కళ్ళు కనబడవు" అన్నాడు. ఆ మాట అన్నాక ఫోను చెవి దగ్గర అలాగే పెట్టుకుని కూర్చున్నాడు, అవతల పెట్టేశాక కూడా.

సోమవారం నాడు లారీకి బదులు ఆటోలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, నవ్వుమొహమే గానీ మాట కరుకు. యంత్రం మీద ఆయన గడ్డం పెట్టించి, దీపం వేసి చూసింది. పాత చీటీ చూసింది. మళ్ళీ దీపం వేసింది.

"కుడికన్ను ఎలాగూ చెయ్యి దాటింది. రెండు నెలల కిందట వచ్చి ఉంటే ఎడమది నిలబెట్టేవాళ్ళం. చుక్కలు వేసుకున్నారా?"

"లేదండీ" అన్నాడు.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "ఇంట్లో మీరున్నారు కదమ్మా. తడుముకోవడాలు, తగులుకోవడాలు ఏమీ కనిపెట్టలేదా? మీకు ఎప్పుడు తెలిసింది?"

రెండు నెలలు. నేను లెక్క కట్టనక్కర్లేదు, నాకు రోజుతో సహా తెలుసు. చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"ఆవిడకి నిన్ననే తెలిసిందండీ" అన్నాడు మా ఆయన, యంత్రం మీంచి గడ్డం ఎత్తకుండానే. "నేను చెబితేనే తెలిసింది."

డాక్టరమ్మ తలాడించి చీటీ రాసుకుంది. నేను కాదని అనలేదు. మెట్ల దగ్గర ఆయన నా భుజం పట్టుకున్నాడు, నేను ఒక్కో మెట్టూ చెబుతూ దింపాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. లారీ అమ్మేశాం. ఆయన ఇంట్లోనే ఉంటాడు, నా మిషను పక్కన కుర్చీ వేసుకుని. ఇప్పుడు ఏది అడిగినా చెబుతాడు, ఏదీ దాచుకోడు. ఆ రోజు డాక్టరమ్మతో అలా ఎందుకన్నారని మాత్రం నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం.